పదిహేడో నంబరు

మా సెంటరులో ఆయమ్మ పద్దెనిమిదేళ్లు పనిచేసింది. నేను పన్నెండేళ్ల నుంచి చేస్తున్నాను. ఆ లెక్కన ఆమె నాకన్నా సీనియరు. వయసులో కూడా పదిహేనేళ్లు పెద్దది. అయినా నేను ఆమెను నువ్వు అనేదాన్ని, ఆమె నన్ను మీరు అనేది. నా దగ్గర సర్టిఫికెట్ ఉంది, ఆమె దగ్గర లేదు. అంతకుమించి తేడా ఏమీ లేదు.

సెంటరు అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, వెనక వంటగది, ముందు వరండా. మూడేళ్ల నుంచి ఐదారేళ్ల దాకా పిల్లలు పొద్దున తొమ్మిదికి వచ్చి ఒంటిగంటకు ఇంటికి పోతారు. ఈ మధ్యలో నేను పాట, ఆట, కథ చెప్పాలి. ఆయమ్మ గుడ్డు ఉడకబెట్టాలి, పాలు కాచాలి, ముక్కులు తుడవాలి, తడిసిన లాగులు మార్చాలి, కొట్టుకునేవాళ్లను విడదీయాలి. వరండా గోడ మీద 'మొక్కై వంగనిది మానై వంగునా' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. దాని కింద ఏనుగు బొమ్మ. పెయింటరు మహానుభావుడు దానికి ఐదు కాళ్లు వేసిపోయాడు. అంకెలు నేర్పేటప్పుడు నేను ఆ ఏనుగు జోలికి పోను.

ఆయమ్మకు చదువు రాదు. కానీ పిల్లల కార్డులు పద్దెనిమిదింటినీ మరకలను బట్టి పోల్చుకునేది. నూనె మరక ఫలానావాడిది, చెవి మడిచింది ఫలానాదానిది. నెలకోసారి పిల్లలను తూచాలి. మా తూకం మిషను ఆరు నెలలు పనిచేస్తే ఆరు నెలలు అలిగేది. అలిగినప్పుడు ఆయమ్మ పిల్లవాడి చంకల కింద చేతులేసి పైకెత్తి, కాస్త ఊపి, "పదకొండున్నర" అనేది. నేను రాసుకునేదాన్ని. మిషను బాగయ్యాక చూస్తే వంద గ్రాములు అటూ ఇటూ, అంతే. సూపర్వైజరమ్మ వచ్చినప్పుడల్లా మా తూకాల పుస్తకం చూసి మెచ్చుకునేది. మెచ్చుకోలు నాకు, మోత ఆయమ్మకు.

హాజరు సంగతి ముందే చెప్పాలి. మిగతాదంతా దాని మీదే ఉంది. మా పిల్లలు రిజిస్టరులో ఉన్న పేరు పెట్టి పిలిస్తే పలకరు. ఇళ్లలో అందరివీ ముద్దుపేర్లే. అసలు పేరు వాళ్లకే తెలియదు, కొందరి తల్లులు కూడా కాస్త ఆలోచించి చెబుతారు. అందుకని నేను వచ్చిన మొదటి ఏడే నంబర్లు పెట్టాను. నంబరు పిలవగానే చెయ్యెత్తి "ఉన్నా టీచర్" అనాలి. పిల్లలకు అదొక ఆటయిపోయింది. పై ఆఫీసువాళ్లు కూడా చక్కగా ఉందన్నారు.

రిజిస్టరులో పద్దెనిమిది నంబర్లు. రోజూ వచ్చేది పదకొండుమంది. మిగతా ఏడుగురూ రెండు వీధుల అవతల షట్టరు గదిలో నడిచే ప్రైవేటు బడికి పోయేవాళ్లు. మెడకు టై కడతారు కాబట్టి అందరూ దాన్ని టై బడి అనేవాళ్లు. అక్కడ మూడేళ్ల పిల్ల చేత కూడా పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా రాయిస్తారు. రాత చూసి తల్లిదండ్రులు మురిసిపోతారు. మా దగ్గర ఆడుకుంటారు కాబట్టి మాది చదువు కాదు. అయినా గుడ్డు కోసం పేరు మా రిజిస్టరులో ఉంచేవాళ్లు. నేను తప్పుపట్టలేదు. నా కూతుర్ని నేనూ టై బడికే పంపాను.

సూపర్వైజరమ్మ వస్తుందంటే ముందురోజే ఫోను వచ్చేది. తెల్లారి ఎనిమిదింటికే ఆయమ్మ టై బడి గేటు దగ్గర నిలబడి ఆ ఏడుగురినీ వరసకట్టించి తీసుకొచ్చేది. వరండాలో టైలు విప్పి ఖాళీ పప్పు డబ్బాలో పడేసేది. తనిఖీ అయ్యాక మళ్లీ కట్టి పంపేది. ఒకసారి టైలు తారుమారై, మూడేళ్లవాడి టై మోకాళ్ల దాకా వేలాడుతూ వెళ్లింది. వాళ్ల మేడమ్ నాకు ఫోన్ చేసింది. "పిల్లలు సరే అండీ, మా టైలు మాకు సరిగ్గా పంపండి," అంది. రెండు రోజులు నవ్వుకున్నాం. ఇంకా ఒకరిద్దరు తక్కువైతే నిరుడు మా దగ్గర చదివి పెద్దబడికి వెళ్లిన పిల్లలను తెచ్చి ఆ నంబర్లలో కూచోబెట్టేవాళ్లం. నంబరు ఎవరిదైతేనేం, "ఉన్నా టీచర్" అనడం వాళ్లకు నోటికి వచ్చు. ప్రతి సెంటరూ చేసేదే. సూపర్వైజరమ్మకు కూడా తెలుసు, ఆమె పైవాళ్లకూ తెలుసు. అరువు సొమ్ములు బరువు చేటు అని మా అమ్మ అనేది. అది నగల సంగతి అనుకున్నాను.

పదిహేడో నంబరు ఆయమ్మ మనవరాలు. కొడుకు కూతురు. ఆ కొడుకు లారీ నడుపుతాడు, పది రోజులకొకసారి ఇంటికొస్తాడు. కోడలు బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగుకు పొద్దున ఏడింటికే వెళ్లిపోతుంది. అందుకని పిల్ల ఆయమ్మ చంకనెక్కి సెంటరుకు వచ్చేది. తెల్లగా, పెద్ద కళ్లతో, ఎక్కడ కూచోబెడితే అక్కడే ఉండేది. వీధంతా బొమ్మ అనేవాళ్లు. నేనూ అదే అనేదాన్ని.

బొమ్మకు మూడేళ్లు నిండినా మాట రాలేదు. వాళ్ల నాన్నకూ నాలుగో ఏడు దాకా రాలేదని ఆయమ్మ చెప్పింది. అందరం ఆ మాట పట్టుకున్నాం. పిల్ల తెలివైనదే. పక్కవాళ్లు లేస్తే లేచేది, చెప్పులు వేసుకుంటుంటే వేసుకునేది. ఎవరి ముఖం వంకైనా కన్నార్పకుండా చూసేది. పెద్ద గిన్నె దబ్బుమని పడితే తిరిగి చూసేది కూడా. కానీ పిలిస్తే పలకదు. నేను గొంతు చించుకుని పాట పాడుతుంటే అది కిటికీ మీద ఈగను చూస్తూ కూచునేది. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది ఆయమ్మా, నీ మనవరాలితో," అని ఎన్నిసార్లు అన్నానో. సామెత కదా, నోటికొచ్చేస్తుంది. ఆయమ్మ నవ్వేది. "మొండిది టీచరమ్మా, తాత పోలిక," అనేది.

హాజరు పిలిచేటప్పుడు పదహారు అయ్యాక ఆయమ్మ వెనకనుంచి వచ్చి బొమ్మ చెయ్యి పట్టి ఎత్తేది. నేను టిక్కు పెట్టేదాన్ని.

బొమ్మ చేరిన మొదటి ఏడు తనిఖీలో సూపర్వైజరమ్మ ఎర్ర బంతి ఒకటి పట్టుకుని పిల్లలను వరసగా అడిగింది. బొమ్మ దగ్గరికొచ్చి "ఇది ఏం రంగు?" అంది. బొమ్మ ఆమె పెదాల వంక చూస్తూ నిలబడింది. మూడుసార్లు అడిగి, "మందబుద్ధి," అని నాతో అంటూ కాగితం మీద రాసుకుంది. ఆయమ్మ చేతిలో పాలగిన్నె ఉంది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

"మా పిల్ల మందం కాదు టీచరమ్మా," అంది సాయంత్రం వరండా కడుగుతూ. "ఇంట్లో తాళంచెవి ఎక్కడ పెట్టానో నాకన్నా ముందు దానికే తెలుస్తుంది."

"ఆమె రాస్తే అయిపోతుందా, వదిలెయ్," అన్నాను.

కానీ ఆమె రాసిందానికి విలువుంది. ఆ ఏడు మా సెంటరుకు సి గ్రేడు వచ్చింది. రెండోసారి సి వస్తే సెంటరు మూసి, పెద్ద రోడ్డు అవతలి సెంటరులో కలిపేస్తారు. లారీలు తిరిగే రోడ్డు అది. మూడేళ్ల పిల్లను దాటించి పంపే తల్లి ఎవరూ లేరు. టై బడికి పంపే స్తోమత ఉన్నవాళ్లు అప్పటికే పంపేశారు. మిగిలిన పదకొండుమందీ ఇంట్లో ఉండిపోతారు. ఇది నేను ఇప్పుడు సాకుగా చెప్పడం లేదు. అప్పుడూ ఇదే అనుకున్నాను.

రెండో ఏడు తనిఖీతోపాటు పిల్లల కళ్లు, చెవులు, పళ్లు చూసేవాళ్లు కూడా వస్తారని ఫోను వచ్చింది. ముందురోజు ఆయమ్మ వంటగది గడప మీద కూచుని చాట పక్కన పెట్టి అడిగింది.

"చెవులు చూసేవాళ్లంట కదా టీచరమ్మా. బొమ్మను కూడా ఒకసారి చూపిద్దామా?"

"దాని చెవులకేం? మొన్న గిన్నె పడితే తిరిగి చూసింది కదా."

"చూసిందనుకోండి."

"వాళ్లతో పాటు సూపర్వైజరమ్మ కూడా ఉంటుంది. మళ్లీ బంతి పట్టుకుంటుంది. మళ్లీ అదే మాట రాస్తుంది. నీకు బాగుంటుందా?"

ఆయమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"రేపటికి దాన్ని వంటగదిలో కూచోబెట్టు. పదిహేడులో దర్జీ కూతుర్ని పెడదాం," అన్నాను.

"మీరు చదువుకున్నవాళ్లు," అని చాట అందుకుంది.

దర్జీ కూతురు నిరుడే మా దగ్గర చదివి పెద్దబడికి వెళ్లింది. ఐదున్నరేళ్లు ఉంటాయి కానీ పిడికెడు మనిషి. వాగుడుకాయ. నోట్లో గుడ్డు కుక్కినా మాట ఆగదు.

చెవులు చూడటానికి వచ్చినతను కుర్రవాడు. ఆ రోజుకు అది ఐదో సెంటరట, ముఖం వాడిపోయి ఉంది. పిల్లను ముందు నిలబెట్టి, తాను వెనక నిలబడి, ఒకసారి చిన్న గంట కొడతాడు. తర్వాత నోటికి కాగితం అడ్డం పెట్టుకుని మెల్లగా మాటలు చెబుతాడు. పిల్ల తిరిగి చెప్పాలి. నేను "పదిహేడు" అన్నాను. దర్జీ కూతురు "ఉన్నా టీచర్" అని ఎగిరి వచ్చి నిలబడింది. పువ్వు అంటే పువ్వు అంది, పిల్లి అంటే పిల్లి అంది, బంతి అంటే బంతి అంది. "ఇంకా చెప్పండి," అని కూడా అంది. అతను ఆ రోజు మొదటిసారి నవ్వాడనుకుంటాను. "ఈ పిల్లకు చెవులు రెండు కాదు, నాలుగున్నాయి," అని బొమ్మ కార్డు మీద ముద్ర వేశాడు. కుడిచెవి బాగుంది, ఎడమచెవి బాగుంది.

తలుపు అవతల వంటగదిలో బొమ్మ నేల మీద కూచుని గుడ్ల పెంకులు తీస్తోంది. పద్దెనిమిది గుడ్లు, ఒక్కదానికీ గాటు పడలేదు. ఆయమ్మ రెండుసార్లు ఆ తలుపు వంక చూసింది. నేను చూశాను, చూడనట్టు రిజిస్టరులోకి తలదించాను.

బి గ్రేడు వచ్చింది. దర్జీ కూతురికి ఆయమ్మ ఒక గుడ్డు ఎక్కువ పెట్టింది.

ఆ తర్వాత ఇంకో ఏడాదిన్నర పైగా బొమ్మ నా ముందే కూచుంది. ఆరో ఏట పెద్దబడికి వెళ్లింది. అక్కడి ఒకటో తరగతి మాస్టారు ముభావి, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. రెండు నెలలు చూసి, ఒకరోజు బొమ్మ వెనక నిలబడి రెండు పలకలు ఠప్పుమని కొట్టాడట. తర్వాత మెల్లగా కొట్టాడట. ఆ తర్వాత దాని నాన్నకు ఫోన్ చేసి, లారీ ఎక్కడుంటే అక్కడ ఆపి రమ్మన్నాడట. నా దగ్గర కూడా పలకలున్నాయి. గిన్నె పడితే చూసింది కదా అని ఊరుకున్నాను.

పెద్దాసుపత్రిలో చాలాసార్లు తిప్పి పరీక్షలు చేశారు. రెండు చెవులూ పుట్టుకతోనే సరిగా లేవు. పెద్ద చప్పుడైతే కాస్త తెలుస్తుంది, మాట తెలియదు. మూడేళ్లకే పట్టుకుని చెవులకు మిషను పెట్టి ఉంటే అందరిలాగే మాట్లాడేదని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు పెడితే ఎంతొస్తే అంత. అసలు పెట్టకపోతే ఏమీ రాదు. పుట్టుకతో వినికిడి లేని పిల్లలకు ఏడేళ్లు నిండేలోపు ఆఫీసువాళ్లే మిషను ఇస్తారు. కొనాలంటే లారీ నడిపి తెచ్చే జీతం ఏ మూలకూ చాలదు. దరఖాస్తు పెట్టారు. తిరిగొచ్చింది.

ఆ కాగితం పట్టుకుని ఆయమ్మ నా దగ్గరికొచ్చింది. "చదవండి టీచరమ్మా. కోడలు చదివింది కానీ దానికి ఏడుపు తప్ప మాట రాలేదు," అంది.

నేను పైకి చదివాను. "పిల్లకు నాలుగేళ్ల వయసులో చేసిన పరీక్షలో రెండు చెవులూ బాగున్నట్టు సెంటరు రికార్డులో ఉంది. కనుక ఇది పుట్టుకతో వచ్చిన లోపంగా తీసుకోవడం కుదరదు. సెంటరు నుంచి సవరణ ఉంటే పిల్లకు ఏడేళ్లు నిండేలోపు ఇవ్వాలి."

"సవరణంటే?"

"తప్పు రాశాం అని చెప్పడం."

"ఎవరు చెప్పాలి?"

"సెంటరు."

"సెంటరంటే మీరే కదా టీచరమ్మా," అంది. నిష్ఠూరంగా అనలేదు. తెలియక అడిగినట్టే అడిగింది.

బొమ్మకు ఏడేళ్లు నిండటానికి పంతొమ్మిది రోజులుంది.

"చూద్దాం. రేపు సూపర్వైజరమ్మతో మాట్లాడతాను," అన్నాను.

మాట్లాడలేదు. మాట్లాడితే ఏమవుతుందో నాకు తెలుసు. వేరే పిల్లను నిలబెట్టామని రాసి సంతకం పెట్టాలి. పెడితే ఉద్యోగం పోతుంది. మా ఆయన కొట్టు మూతపడి రెండేళ్లయింది. సెంటరు కూడా పోవచ్చు. ఇవన్నీ వరసగా అనుకుని, మళ్లీ మొదటినుంచి అనుకునేదాన్ని. బాధ కలిగిందా అంటే, లేదు. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు అది మనదేనని తెలుస్తుంది కానీ కదలదు చూడండి, అలా ఉండేది.

ఆయమ్మ రోజూ వచ్చింది. ఊడ్చింది, గుడ్లు ఉడకబెట్టింది, ముక్కులు తుడిచింది. అడగలేదు. ఒంటిగంటకు చీపురు మూల పెట్టి, "రేపొస్తా టీచరమ్మా," అనేది. ఇదివరకు కూడా అదే అనేది. కానీ ఇప్పుడు ఆ మాట అన్నాక ఒక క్షణం ఆగేది. నేను "సరే ఆయమ్మా" అనేదాన్ని. అడిగితే కసురుకునేదాన్నేమో. రేపు రేపు అంటూ పన్నెండు రోజులు గడిపాను. నేనేమీ అనకుండానే, ఆమె ఏమీ అనకుండానే.

పదమూడో రోజు ఆమె రాలేదు. పిల్లల గుడ్లు నేనే ఉడకబెట్టాను. సగం పగిలాయి.

పద్నాలుగో రోజు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. వెళితే, ఆఫీసరు గది బయట బల్ల మీద ఆయమ్మ కూచుని ఉంది. ఉతికిన చీర కట్టుకుంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఏళ్ల తరబడి అలవాటు.

లోపల ఆఫీసరు బల్ల మీద ఒక కాగితం పెట్టి నా వైపు తిప్పాడు. నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం. అక్షరాలు పెద్దపెద్దవిగా, గీత మీద నిలవకుండా ఉన్నాయి. పిల్ల రాత. ఆ రాత నాకు తెలుసు, ఓనమాలు దిద్దించింది నేనే.

'గౌరవనీయులైన సార్ గారికి. నేను మూడో తరగతి చదువుతున్నాను. మా నాన్న దర్జీ. చెవుల పరీక్ష రోజు పదిహేడు అంటే ఉన్నా టీచర్ అన్నది నేను. గంట నేనే విన్నాను. పువ్వు పిల్లి బంతి నేనే చెప్పాను. బొమ్మ వంటగదిలో ఉంది. గుడ్లు ఒలుస్తోంది. ఆయమ్మకు రాయడం రాదు కాబట్టి నేను రాస్తున్నాను. బొమ్మకు వినపడదు. నాకు వినపడుతుంది. ఇట్లు.' కింద ఆయమ్మ వేలిముద్ర.

ఆఫీసరు పెద్దగా అరిచే మనిషి కాదు. "పిల్లను మార్చారా?" అన్నాడు.

"మార్చాం బాబూ," అంది ఆయమ్మ.

"ఎవరు మార్చారు?"

"నేనే. సూపర్వైజరమ్మ నా మనవరాల్ని మందబుద్ధి అందని రోషంతో, మళ్లీ ఆ మాట పడకూడదని, నేనే దాచాను."

అతను నా వైపు తిరిగాడు. "మీకు తెలుసా?"

ఆ గదిలో గోడ గడియారం ఉంది. ముల్లు ఐదుసార్లో ఆరుసార్లో కదిలింది.

"తెలీదు సార్," అన్నాను. "పిల్లల్ని కూచోబెట్టేది ఆయమ్మే. నేను నంబరు పిలుస్తాను, అంతే."

"టీచరమ్మకు తెలీదు బాబూ," అంది ఆయమ్మ వెంటనే. నా మాట పూర్తవుతుందా లేదా అని కాచుకున్నట్టుగా అంది.

అక్కడికక్కడే రాసేసుకున్నారు. ఆయమ్మను పనిలోంచి తీసేశారు. నాకు జాగ్రత్తగా ఉండమని ఒక కాగితం ఇచ్చారు. ఏడేళ్లు నిండటానికి ఐదు రోజులు ఉండగా బొమ్మ దరఖాస్తు మళ్లీ లోపలికి వెళ్లింది.

ఇద్దరం ఒకే గేటులోంచి బయటికొచ్చాం. ఒకే బస్సు ఎక్కాలి. స్టాపులో నిలబడ్డాం. ఏదైనా అంటుందని చూశాను. తిడితే బాగుండేది.

"గుడ్ల గిన్నె అడుగు పలచబడింది టీచరమ్మా. కొత్తగా వచ్చేదానికి చెప్పండి, లేకపోతే మాడుస్తుంది," అంది.

"సరే."

"పన్నెండో నంబరువాడికి పాలు చల్లారబెట్టి ఇవ్వాలి."

"సరే. ఆయమ్మా, నా పేరు ఎందుకు చెప్పలేదు?"

ఆమె బస్సు వచ్చే వైపు చూస్తూ చెప్పింది. "నేను పోతే ఇంకొకామెను పెడతారు. మీరు పోతే సెంటరు మూసేస్తారు. టై కట్టుకోలేని పిల్లలు ఇంకా పదకొండుమంది ఉన్నారు కదా." కొంగు సర్దుకుని, "మీరే చెబుతారని పన్నెండు రోజులు చూశాను," అంది.

బస్సు వచ్చింది. ఆమెకు ముందు సీటు దొరికింది, నాకు వెనక దొరికింది. నాకు ఏడుపు రాలేదు. సిగ్గు వేయాలని తెలుసు, అదీ సరిగ్గా వేయలేదు. ఇంటికెళ్లి వంట చేశాను.

నాలుగు నెలలకు మిషను వచ్చిందని దర్జీ చెప్పాడు. బొమ్మను వారానికి రెండుసార్లు మాటలు నేర్పే చోటికి తీసుకెళ్లేది ఆయమ్మే. ఎలాగూ పని లేదు కదా. రెండు బస్సులు మారాలి. ఇప్పటికి 'అ'తో కలిపి నాలుగు చప్పుళ్లు పలుకుతోందట. ఎనిమిదో ఏట నాలుగు చప్పుళ్లు. మొక్కై వంగనిది అన్న గోడకే వీపు ఆనించుకుని నేను ఈ కబురు విన్నాను.

ఆయమ్మ మళ్లీ సెంటరుకు వచ్చింది మొన్న. వంటగది తాళం రెండో చెవి ఇంకా ఆమె దగ్గరే ఉండిపోయిందట, ఇచ్చిపోదామని వచ్చింది. పక్కన బొమ్మ ఉంది. పొడుగైంది. రెండు చెవుల వెనకా చిక్కుడు గింజంత మిషన్లు. నేను హాజరు పిలుస్తున్నాను. మధ్యలో ఆపడం ఎందుకని ఆయమ్మను చేత్తోనే కూచోమన్నాను. ఆమె కూచోలేదు, గుమ్మంలో నిలబడింది. బొమ్మ వరండాలో మాకు వీపు పెట్టి, ఏనుగు కాళ్లు లెక్కపెడుతోంది, వేలుతో ఒక్కొక్కటీ ముట్టుకుంటూ.

"పదిహేను," అన్నాను. ఉన్నా టీచర్.

"పదహారు." ఉన్నా టీచర్.

"పదిహేడు."

ఇప్పటి పదిహేడో నంబరు ఆ రోజు రాలేదు, జ్వరం. ఎవరూ పలకలేదు. కానీ వరండాలో బొమ్మ చెయ్యి ఐదో కాలు మీద ఆగింది. మెల్లగా వెనక్కి తిరిగింది. దాని చూపు అటూ ఇటూ వెతికి, చివరికి నా నోటి దగ్గర ఆగింది. ఆ నంబరు తనదని తెలిసి కాదు. దానికి ఆ సంగతి ఎప్పుడూ తెలియదు.

"మీ గొంతు వింటోంది టీచరమ్మా," అంది ఆయమ్మ. సంతోషంగానే అంది.

మూడేళ్లు నా ముందు కూచున్న పిల్ల. నా గొంతు వినడం అదే మొదటిసారి. ఏదైనా ఒక మంచి మాట అనాలి కదా, నాకు ఏ మాటా తోచలేదు. పిల్లలు ఎదురుచూస్తున్నారు.

"పద్దెనిమిది," అన్నాను.